చెయ్యి జారని మనిషి

కువైట్‌లో, ఫహాహీల్‌లో ఒక ఫ్లాటు. హాల్లో సోఫాలు పక్కకు జరిపి చాపలు పరిచారు. గోడకు ఆమె ఫొటో పెట్టి దండ వేశారు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు కోసం ఎప్పుడో తీయించుకున్న చిన్న ఫొటోనే పెద్దది చేయించినట్టున్నారు, ముఖం కొంచెం మసకబారింది. వచ్చినవాళ్ళంతా దాదాపు రాయచోటి, కడప వైపువాళ్ళే. ఒక్కొక్కరే లేచి రెండేసి మాటలు మాట్లాడారు. "శాంతమూర్తి" అన్నాడొక పెద్దాయన. "నోరెత్తి ఎవురినీ ఒక మాట అన్న్యది ల్యా" అంది కళ్ళొత్తుకుంటూ ఒకావిడ. "ఓర్పుంటే ఆయమ్మ మాదిరి ఉండాల" అన్నారు ఇంకెవరో.

నాకు ఒళ్ళు మండిపోయింది. టీ గ్లాసు కింద పెట్టి లేచి బయటికి వచ్చేశాను.

నాకు తెలిసిన మనిషి శాంతమూర్తి కాదు. ఆమెకు ఓర్పు లేదు. పొద్దున్నే లేచి జుట్టు ముడేసుకునేటప్పుడే ఆమెకు కోపం మొదలయ్యేది. ఆ కోపానికి ప్రతిదానికీ ఒక కారణం ఉండేది, ఆ కారణాలన్నీ నిజమైనవి. బతికున్నప్పుడు ఆమె దగ్గరనుంచి చాలా తీసుకున్నారు. పోయాక ఆ కోపం కూడా తీసేసి, ఒక మంచి ముసలమ్మను చేసి దండ వేస్తే, ఇక గోడ మీద ఉన్నది ఎవరు?

అందుకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. రాయొచ్చా అని ఆమెను అడగలేదు, ఇక అడిగే వీలు లేదు. అందరూ అక్క అనేవాళ్ళు, నేనూ అక్క అనే అనేదాన్ని.

నాది కోనసీమ. నర్సుగా కువైట్ వచ్చిన కొత్తలో ఆసుపత్రి ఉద్యోగం దొరకక, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పెద్ద ఇంట్లో మంచం పట్టిన ముసలావిడను చూసుకునే పనికి కుదిరాను. ఇప్పుడు ఆసుపత్రిలో చేస్తూ బ్నీద్ అల్ గార్‌లో ఉంటున్నాను కానీ, అప్పట్లో ఆ ఇంట్లోనే, పనివాళ్ళ గదిలోనే నా మంచం. పక్క మంచం అక్కది. ముసలావిడ కోడలే ఇంటి యజమానురాలు. మేమంతా ఆమెను మామా అనేవాళ్ళం.

వెళ్ళిన మొదటిరోజు అక్క నన్ను చూసి అడిగిన మొదటి మాట, "ఏం సిస్టరూ, నీకు కూడా ఎర్రదేనా?"

నాకు అర్థం కాలేదు. ఆమె సింకు కింద తలుపు తీసి చూపించింది. ఫినాయిలు సీసాల పక్కన ప్లాస్టిక్ పళ్ళాలు, ప్లాస్టిక్ గ్లాసులు. అన్నీ ఎరుపే. పనివాళ్ళవి వేరేగా తెలియాలని ఆ రంగు. వాటిని ఇంటివాళ్ళ గిన్నెలతో కలిపి కడగకూడదు. వాటికి స్పాంజి కూడా వేరే.

"మా ఊర్లో రెడ్డోళ్ళింట్లో చూరులో ఒక కప్పు దోపేటోళ్ళు, చెవి ఇరిగింది" అంది అక్క. "మా అమ్మ పోయి దాన్ని తీసుకోని, నీళ్ళతో అలికి, పట్టుకుంటే, పైనుంచి కాఫీ పోసేది ఆయమ్మ. తాగి, కడిగి, మళ్ళా చూరులో దోపి రావాల. ఇమానమెక్కి ఇంత దూరం వస్తే ఈడ ఆ కప్పుకు రంగేసి పెట్టుండారు."

ఇంటినుంచి వస్తూ ఆమె ఒక స్టీలు కంచం తెచ్చుకుందట. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించిన కంచం. వచ్చిన వారంలోనే మామా అది చూసి, మోత చేస్తుందని, పారేయించింది. అక్క ఆ విషయం నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అప్పుడే జరిగినట్టు చెప్పేది.

ఆమె కోపానికి ఒక తీరుండేది. మామూలు చిరాకైతే గొంతు పెద్దది. వంటింట్లో అరిస్తే మేడ మీద ముసలావిడ గదిలో నాకు వినిపించేది. అసలైన కోపం వస్తే మాత్రం గొంతు తగ్గిపోయేది. అవతలి మనిషి ఆడదైతే "తల్లీ" అనేది, మగవాడైతే "నాయనా" అనేది. ఆమె ఎవరినైనా "తల్లీ" అందంటే అక్కడినుంచి పక్కకు తప్పుకోవడం మంచిదని ఆ ఇంట్లో నేను త్వరగానే నేర్చుకున్నాను. "సారీ" అనడం ఆమె నోట నేను వినలేదు. తప్పు చేస్తే "చేసినా" అనేది, అంతే.

ఆ ఇంటి భోజనాల గది గోడలనిండా అద్దాల బీరువాలు. వాటిలో పింగాణీ. చైనాలో వందల ఏళ్ళనాడు చేసినవని, లండన్‌లో వేలంపాటలో కొన్నారని చెప్పుకునేవాళ్ళు. తెల్లటి పళ్ళాల మీద నీలి రంగు కొండలు, వంతెనలు, పడవలు. బాతు ఆకారంలో మూత ఉన్న పెద్ద సూపుగిన్నె ఒకటి. ఒక వరస పళ్ళాలకు మాత్రం మధ్యలో ఎవరివో వంశం గుర్తులు, వెనక కాళ్ళ మీద లేచిన గుర్రం, దాని కింద డాలు, చుట్టూ బంగారు అంచు. వాటిలో ఎవరూ తినరు. చూడటానికే. కానీ దుమ్ము పడకూడదు, కాబట్టి వంతులవారీగా తీసి కడగాలి. ఆ పని అక్కది. మరెవరూ ముట్టుకోకూడదు.

సింకులో తువ్వాలు పరిచి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఒక్కో పళ్ళాన్నీ రెండు చేతులతో ముంచేది. ఆ కడిగినంతసేపూ వాటిని తిడుతుండేది. "ఏందే నీ నిక్కు? అన్నం మెతుకు ఎరగని మొగం. పండుకోని పండుకోని నీకు మెరుపొచ్చింది, నాకు నడుమినొప్పి వచ్చింది." తుడిచి బీరువాలో పెట్టేటప్పుడు మాత్రం చప్పుడు వచ్చేది కాదు.

ఇంటికి చుట్టాలొస్తే మామా అక్కను పిలిచి, వాళ్ళ ముందు ఆమె చేతులు పట్టుకుని చూపించేది. "ఈ చేతుల్లోంచి ఇన్నేళ్ళలో ఒక్కటీ జారలేదు. ఇలాంటి మనిషి ఎవరికీ దొరకదు" అనేది. అరబ్బీలో అన్నా అక్కకు తెలిసేది. నవ్వేది కాదు. వంటింట్లోకి వచ్చాక కొళాయి తిప్పి చేతులు కడుక్కునేది.

అక్కకు ఒకతే కూతురు. అక్క చెల్లెలి దగ్గర పెరిగింది, పెళ్ళయింది, ఆ ఏడు తొలి కాన్పు. పురిటికి వెళ్తానని అక్క చాలా ముందుగా అడిగింది. మామా సరేనంది. అక్క ఫహాహీల్‌కు పోయి పసిబిడ్డకు టోపీలు, మేజోళ్ళు కొనుక్కొచ్చింది. పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టింది. తీరా బయల్దేరే వారం మామా పిలిచి, ఇప్పుడు కుదరదు అంది. ఐరోపా నుంచి పింగాణీ తెలిసిన ఒకావిడ వస్తోంది, బీరువాల్లోవన్నీ తీసి ఫొటోలు తీస్తుంది, పుస్తకం వేస్తారు. నువ్వు లేకపోతే వాటిని ఎవరు తీస్తారు, ఎవరు కడుగుతారు? నీ చేతుల్ని తప్ప నేను ఎవరినీ నమ్మను.

"చూసినావా సిస్టరూ" అంది అక్క ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని. "ఒక్కటన్నా పగలగొట్టింటే ఈ పొద్దుకి నా బిడ్డ కాడ ఉందును."

ఆ ఐరోపా ఆవిడ వచ్చింది. జుట్టు నెరిసిన, మెల్లగా మాట్లాడే మనిషి. భోజనాల గదిలో దీపాలు, కెమెరాలు పెట్టుకుంది. అక్క ఒక్కో పళ్ళెం తెచ్చి నల్లగుడ్డ మీద పెట్టడం, ఆవిడ ఫొటో తీయడం. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి, ముసలావిడ నిద్రపోయే వేళల్లో మామా నన్ను కూడా అక్కడ నిలబడమనేది, అక్కకు చెప్పడానికి.

గుర్రం బొమ్మ పళ్ళాల దగ్గర ఆవిడ ఆగిపోయింది. ఇవి చాలా అరుదైనవి అంది. సముద్రాల అవతల ఎక్కడో దీవుల్లో చెరకు తోటలున్న ఒక దొర, తన వంశం గుర్తు కాగితం మీద గీయించి చైనాకు పంపితే, అక్కడివాళ్ళు దాన్ని చూసి వేసి, ఓడలో పంపించారట. ఆ తోటల్లో బానిసలు పనిచేసేవాళ్ళని, ఇంట్లో వంటా వడ్డనా కూడా వాళ్ళవేనని, అది చాలా విషాదమైన కాలమని చెప్పింది. అంచులు ఊడినవి బానిసల గుడిసెలకు ఇచ్చేసేవాళ్ళట, ఇప్పటికీ ఆ నేలలో తవ్వితే ముక్కలు దొరుకుతాయట. చెబుతుంటే ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి కూడా.

నేను అక్కకు తెలుగులో చెప్పాను. అక్క చేతిలో పళ్ళెం పట్టుకుని అంతా విన్నది.

"ఈ గుర్రం ఆ దొర పేరంటనా?"

"పేరు లాంటిదే అక్కా. వాళ్ళ ఇంటి గుర్తు."

"మరి వీటిని కడిగినోళ్ళు? వాళ్ళ పేర్లు యాడన్నా ఉండాయేమో అడుగు."

అడిగాను. ఆవిడ నవ్వి, పాపం మంచి ప్రశ్న, కానీ తెలియదు, ఎవరూ రాసిపెట్టలేదు అంది. అని మళ్ళీ కెమెరా వైపు తిరిగింది.

"తిన్నోళ్ళు గుర్రాలేయించుకున్న్యారు" అంది అక్క. గొంతు తగ్గింది. "కడిగినోళ్ళు యాడ పోయినారో తెల్దంట."  ఆ రోజు పళ్ళాలను తిట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క బాతుమూత గిన్నె కడుగుతోంది. ఫోను కిటికీ అంచు మీద ఉంది. మోగితే, చేతులు తడిగా ఉన్నాయని నన్ను ఎత్తమంది. స్పీకరు పెట్టాను. అక్క చెల్లెలు. ఏడుపులో మాట సరిగ్గా రావడం లేదు.

"బిడ్డ దక్కల్యాక్కా... మన పాపకి రక్తమెక్కిస్తాండారు... అమ్మ యాడుంది, అమ్మ రాల్యాదా అని అడగతానే ఉంది..."

అక్క గిన్నెను నీళ్ళలోనే రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత "పాప పానం బాగుండాదా?" అని అడిగింది. "బాగుండాదంట, డాక్టరు చెప్పినాడు" అంది చెల్లెలు. అక్క ఆ గిన్నెను నీళ్ళలోంచి తీసింది. తుడిచింది. బాతు మెడ దగ్గర తడి నిలుస్తుంది, అక్కడ గుడ్డ కొన పెట్టి తుడిచింది. తీసుకెళ్ళి బీరువాలో దాని చోట పెట్టి తలుపు వేసింది. నేను వెనకే వెళ్ళాను, పడిపోతుందేమోనని. పడలేదు. నేరుగా మామా దగ్గరకు వెళ్ళి, వచ్చీరాని అరబ్బీలో, ఈ రోజే పంపించమని అడిగింది. బిడ్డ పోయింది, నా కూతురు ఆసుపత్రిలో ఉంది అని నేను ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాను.

మామా నిజంగానే బాధపడింది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. గుండె మీద చెయ్యి వేసుకుంది, దేవుడు మళ్ళీ ఇస్తాడంది, అక్క భుజం నిమిరింది. తర్వాత అంది, "అయిపోయింది కదా, ఖలాస్. ఇప్పుడు వెళ్ళి నువ్వేం చేస్తావు? ఫొటోలు తీసే ఈవిడ వెళ్ళిపోనీ, తర్వాత చూద్దాం."

 అయిపోయింది కదా అని ఆ మాటను ఎంత మెత్తగా అందో. చెడ్డ మనిషి అయితే అక్క ఏనాడో తిరగబడేది. ఈ మంచితనం, ఈ నమ్మకం, ఈ చేతులు పట్టుకుని పొగడటం, వీటితో కట్టేశారు ఆమెను.

"సరే తల్లీ" అంది అక్క తెలుగులో.

ఆ మర్నాడు ఐరోపా ఆవిడకు చివరి రోజు. మామా స్నేహితురాళ్ళను మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. బల్ల మీద మామూలు పళ్ళాలు వేశారు, మధ్యలో అందానికి గుర్రం పళ్ళాలు పరిచారు. భోజనానికి ముందు అందరూ పక్క గదిలో ఫొటోలు చూడటానికి వెళ్ళారు. ముసలావిడకు సూపు తీసుకెళ్దామని నేను మేడ దిగి వస్తున్నాను. భోజనాల గది తలుపు తెరిచే ఉంది.

అక్క బల్ల దగ్గర, మామా కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన మా పనివాళ్ళ అన్నం గిన్నె, పప్పు గిన్నె. ముందు గుర్రం పళ్ళెం. అందులో అన్నం పెట్టుకుంది, పప్పు పోసుకుంది, పక్కన మామిడికాయ ఊరగాయ వేసుకుంది. కలుపుకుని తింటోంది. దొంగతనంగా గబగబా మింగడం కాదు. ఇంట్లో తిన్నట్టు, ముద్ద ముద్దా చేసుకుని.

మామా గుమ్మంలోకి వచ్చింది, వెనక ఆ ఆడవాళ్ళంతా.  మామా ఒక్క అరుపు అరిచింది. "లే!"

అక్క తల ఎత్తింది. "తింటాండా తల్లీ. తినేటప్పుడు మనిషిని లేపగూడదు."

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప. కానీ ఆ గొంతు అర్థమైంది. ఎవరూ దగ్గరకు రాలేదు. నిన్నగాక మొన్న బానిసల కథ చెప్పి కళ్ళు తుడుచుకున్న ఐరోపా ఆవిడ మెల్లగా మామాతో అంది, "పప్పులోని పసుపు ఆ బంగారు అంచుకు మరక చేస్తుందేమో, త్వరగా కడిగిస్తే మంచిది."

అక్క తినడం పూర్తిచేసింది. లేచి, వచ్చినవాళ్ళ కోసం ఉన్న వాష్‌బేసిన్‌లో చెయ్యి కడుక్కుంది. ఎంగిలి పళ్ళెం బల్ల మీదే వదిలేసింది.

"కడుగు" అంది మామా. అక్క కదల్లేదు. "మాఫీ" అంది. లేదు అని. మామా శ్రీలంక వంటమనిషిని పిలిచింది. ఆమె పొయ్యి మీద గరిట తిప్పుతూనే ఉంది, వెనక్కి తిరగలేదు. మామా నన్ను చూసింది. "నాకు మేడ మీద పేషెంటు ఉంది మామా" అన్నాను, ఖాళీ సూపు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి. చివరికి మామా గాజులు తీసి పక్కన పెట్టి, తనే ఆ పళ్ళెం పట్టుకుని సింకు దగ్గరకు వెళ్ళింది. ఆ ఇంట్లో ఆమె గిన్నె కడగడం నేను చూసింది అదే.

సాయంత్రంలోగా డ్రైవరు వచ్చాడు. అక్కను మకతబ్‌కు, అంటే పనివాళ్ళను కుదిర్చే ఆ ఆఫీసుకు, తిరిగి ఇచ్చేయమన్నారు. నచ్చని వస్తువును కొట్లో తిరిగి ఇచ్చినట్టు. పెట్టె పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ అక్కను నేను అడిగాను.

"అంత కోపం వచ్చినప్పుడు పగలగొట్టి ఉండొచ్చు కదక్కా. పోయేదానివి పోయేదానివే."

"పగలగొడితే ఏమంటారు? పాచిపని చేసేదాని చెయ్యి జారింది అంటారు. పాపం అనో, దొంగముండ అనో అంటారు, రెండు దినాలకి మరిసిపోతారు. కూసోని తింటే ఏమంటారు సిస్టరూ? దానికి ఈళ్ళ కాడ మాట లేదు."

ఇంటికి పంపించమని మకతబ్‌లో ఎంత అడిగినా పంపించలేదు. పాసుపోర్టు కొత్త కఫీల్, అంటే కొత్త యజమాని చేతికి వెళ్ళింది, ఆమె వఫ్రాలో ఒక తోటకు వెళ్ళింది. అక్కడ గాజు ఇళ్ళలో దోసకాయలు, టమాటాలు పండించే కూలీలకు వంట. వచ్చే ఎండాకాలం పంపిస్తామనేవాడు సూపర్‌వైజరు. ఎండాకాలం వచ్చేది, పోయేది.

ఒక శుక్రవారం, అటు వెళ్తున్న వాళ్ళ కారులో చోటు దొరికితే వెళ్ళి చూసి వచ్చాను. చిక్కిపోయింది. కానీ గొంతు తోట గేటు దగ్గరకే వినిపించింది. కూలీలు ఎండకు నెత్తిమీద గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. వాళ్ళు తాగేది ట్యాంకు నీళ్ళు, వేడిగా, తుప్పు వాసనతో. సూపర్‌వైజరుకు సీసా నీళ్ళు. నేను చూస్తుండగానే అక్క ట్యాంకు నీళ్ళు ఒక గ్లాసుడు పట్టి, తీసుకెళ్ళి అతని ముందు పెట్టింది.

"తాగు నాయనా. నీ మనుషులు తాగేవే."

అతను తాగలేదు. కానీ తర్వాతి వారంనుంచి కూలీలకు కూడా సీసాలు వచ్చాయని ఫోనులో చెప్పింది. చెప్పేటప్పుడు కూడా సంతోషం కాదు, కోపమే. "అడిగితే గానీ తోచదంట చూడు మే."

ఈ వేసవిలో ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చింది. గ్యాసు అన్నాడు సూపర్‌వైజరు. తోటలో బండ్లున్నాయి, తాళాలు అతని దగ్గర ఉన్నాయి. మర్నాడు కూడా గ్యాసే అన్నాడు. ఆ పైన కూలీలే కూరగాయల లారీ ఆపి, బుట్టలు దించి, ఆమెను ఎక్కించారు. ఆసుపత్రి చేరేలోపే అయిపోయింది. ఆ సంగతి నాకు చెప్పినవాడు తమిళ కూలీ, లారీలో ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నవాడు. దారంతా ఆమె సూపర్‌వైజరును తిడుతూనే ఉందట. ఓర్పట. శాంతమట.

శవం ఊరికి వెళ్ళడానికి ముందు ఆమె కూతురు నాకు ఫోను చేసింది. నా నంబరు అమ్మ ఫోనులో ఉందట. ఇప్పుడు ఆ పిల్లకు ఒక ఆడపిల్ల, మాట్లాడుతుంటే వెనకనుంచి ఆ పాప అల్లరి వినిపిస్తూనే ఉంది.

"పిన్నమ్మా, అందురూ మీ అమ్మ శానా మంచిది, నెమ్మదస్తురాలు అంటాండారు" అంది. "నేను చిన్నప్పట్నుంచి ఆయమ్మతో ఉండిందే ల్యా. నాకు తెల్దు. అట్లనే ఉండెడిదా?"

"లేదమ్మా" అన్నాను. "మీ అమ్మకు చాలా కోపం."

 తప్పు మాట అన్నానేమో అనుకుంటూనే, ఆపకుండా అంతా చెప్పాను. ఎర్ర పళ్ళాలు చెప్పాను, పురిటికి పోనివ్వకపోవడం చెప్పాను, మామా ఖలాస్ అనడం చెప్పాను. ఎవరి గుర్రమో ఉన్న పళ్ళెంలో, ఆ బల్ల దగ్గర, అందరూ చూస్తుండగా మీ అమ్మ కూర్చుని అన్నం తినడం చెప్పాను. ఆ పిల్ల ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"నాకు ఇవేమీ చెప్పల్యా పిన్నమ్మా. ఎప్పుడు ఫోన్ చేసినా, నువ్వు తిన్న్యావా, బిడ్డ తినిందా అని అడిగి పెట్టేసేది." ఆ వెంటనే అడిగింది. "ఆ పొద్దు కడుపునిండా తినిందా?"

"తిన్నదమ్మా" అన్నాను. "వాళ్ళంతా నిలబడి చూస్తుంటే, మారు కూడా పెట్టుకుని తిన్నది."